తెరచాప ఎత్తిన చిన్న పడవ

ఎపిసోడ్‌లో కోలెక్ గురించి రెండు ముక్కల్లో చెప్పి వదిలేశాను. ఇక్కడ కాస్త నింపాదిగా రాస్తున్నా. ఎందుకంటే సెలవు రోజున బీచ్‌కి వెళ్లి, తెరచాప ఉన్న కయాక్ అద్దెకు తీసుకునే మనవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి అందులోనే ఉంది.

కోలెక్ అంటే మలయ్ జాలర్ల సన్నటి పడవ. వెడల్పు తక్కువ, తెరచాప పెద్దది. గాలి చాపని నెడితే పడవ పక్కకి ఒరుగుతుంది. పందేల్లో మనుషులు కొయ్యకి కట్టిన తాళ్లు పట్టుకుని, గాలి వచ్చే వైపు బయటకి వాలేవారు. అంటే పడవని నిలబెట్టే బరువు మనిషే! గాలి ఠక్కున ఆగిందా, ఆ బరువే పడవని అటు తిప్పేస్తుంది. సెయిలింగ్ కయాక్‌లోనూ ఇదే లెక్క.

మన ఉత్తరాంధ్ర తెప్ప వేరు. దుంగలు కట్టి చేసింది, నీళ్లు నిండటానికి లోపల చోటే లేదు. అల తిరగేసినా తేలుతూనే ఉంటుంది. నాకైతే అంతకన్నా తెలివైన పడవ ఇంకోటి కనిపించదు.

మలాయాకి వచ్చిన మన పెద్దలు చాలామంది రజూలా లాంటి పెద్ద ఓడల్లో వచ్చారు. 1926లో కట్టిన ఆ ఓడ మద్రాసు, నాగపట్నం నుంచి పెనాంగ్, సింగపూర్‌లకి నడిచేది. పెరాక్‌లో బాగాన్ దాతో కొబ్బరి తోటల్లో తెలుగువాళ్లు స్థిరపడ్డారు. ఆ తీరానికి దగ్గర్లోనే, 2015 సెప్టెంబరు 3న, ఇండోనేషియా కూలీలతో సుమత్రాకి బయల్దేరిన చెక్క పడవ బోల్తా పడింది. దాదాపు 60 మంది పోయారు. కాగితాలు లేక దొంగచాటుగా, కిక్కిరిసిన పడవలో ఇల్లు చేరాలనుకున్న మనుషులు. అది మన కథ కాదని అనుకోలేను.

అనుభవం ఉన్నా సముద్రం వదలదు. 2010 జనవరి 17న పెనాంగ్‌లో డ్రాగన్ బోట్ సాధన చేస్తున్న జట్టు పడవ ప్రవాహానికి కొట్టుకుపోయి టగ్‌బోట్‌కి తగిలి బోల్తా పడింది. ఆరుగురు చనిపోయారు.

మలక్కా జలసంధిలో ‘సుమత్రా’ అనే ఈదురుగాలులు ఏప్రిల్ నుంచి నవంబరు దాకా వస్తాయి, ఎక్కువగా తెల్లవారుజామున. పడమట నల్లటి మబ్బు గోడలా లేస్తే ఒడ్డుకి తిరగండి. తూర్పు తీరంలో నవంబరు నుంచి మార్చి దాకా ఈశాన్య రుతుపవనం. పెర్హెంతియాన్, రెడాంగ్‌లలో చాలా రిసార్టులు మూసేస్తారు.

ఇక సామాను సంగతి. లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి, పడవలో కాదు. తెరచాప తాడు ముడి వేయకండి, చేత్తోనే పట్టుకోండి: గాలి కొడితే వదిలేయొచ్చు. మెడలో ఈల, వాటర్‌ప్రూఫ్ సంచిలో ఫోన్. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పుడు వస్తారో రూమ్‌మేట్‌కి చెప్పండి. ఆ టైముకి రాకపోతే 999కి ఫోన్ చేయమనండి. అద్దెకు తీసుకున్న రోజే, నడుము లోతు నీళ్లలో ఒకసారి కావాలనే బోల్తా కొట్టించి మళ్లీ ఎక్కి చూడండి. ఎక్కలేకపోతే ఆ రోజు లోతుకి వెళ్లొద్దు. లోతులో తిరగబడితే పడవని వదలకండి, ఒడ్డు దగ్గరే కనిపిస్తున్నా సరే. ఈదేవాడి తలకన్నా తేలుతున్న పడవే దూరానికి కనిపిస్తుంది.