గోడ మోసిన ఇల్లు

పాతకాలపు మట్టిగోడల ఇంట్లోకి వచ్చిన మనిషి భుజం మీది కండువాను ముందుగా చిలక్కొయ్యకు తగిలించేవాడు. గోడ లేపుతున్నప్పుడే లోపలికంటా దిగేసిన చెక్క కొయ్య అది. బయటికి పొడుచుకొచ్చిన కొసను వడ్రంగి చిలక తలలా చెక్కేవాడు. చొక్కా, గొడుగు, చేతిసంచి, ఎడ్ల మువ్వల పట్టెడ అన్నీ దానికే వేలాడేవి. ఇప్పుడు అవే చిలక్కొయ్యలు నగరాల్లో పాత సామాన్ల దుకాణాలకు చేరాయి. కొన్నవాళ్లు వాటికి ఏమీ తగిలించరు, చూసుకోవడానికే కొంటారు.

చిన్న గదిని తక్కువ ఖర్చుతో సర్దుకోవడం ఎలాగన్న ప్రశ్న ఇప్పటిదేమీ కాదు. తెలుగు నేల మీద చాలా కుటుంబాలు తరతరాలుగా ఒకటి రెండు గదుల్లోనే బతికాయి. మండువా లోగిళ్లు ఊరికి నాలుగో అయిదో ఉండేవి. సినిమాల పుణ్యమా అని మన జ్ఞాపకంలో అవే నిలిచాయి గానీ, మిగతా ఊరంతా పూరిళ్లూ మట్టిమిద్దెలూ పెంకుటిళ్లే. ఆ ఇళ్లవాళ్లు కనిపెట్టిన ఉపాయం ఒక్కటే: నేల మనుషులకు వదిలేయాలి, సామానంతా గోడకూ కప్పుకూ ఎక్కాలి.

మట్టిగోడ మూరెడు మందం, ఒక్కోచోట ఇంకా ఎక్కువే. ఎండ లోపలికి రాకుండా, వాన తాకిడికి కూలకుండా ఉండాలంటే ఆ మాత్రం ఉండాలి. ఆ మందంలోనే గూళ్లు తొలిచేవారు. వీధివైపు గూట్లో దీపం, పడక పక్క గోడ గూట్లో దువ్వెనా కాటుక భరిణా, వంటింటి గూట్లో ఉప్పు పిడత, పెద్దాయన కూర్చునే చోట పంచాంగం. విడిగా బల్ల కొనాల్సిన పని లేదు. గోడ తడిగా ఉండగానే ఇల్లాలు ఎక్కడ కావాలో చూపిస్తే గూడు అక్కడ తయారయ్యేది.

గోడ నుంచి గోడకు తాళ్లతో వేలాడదీసిన వెదురు బొంగు దండెం. ఇంటిల్లిపాది బట్టలూ దాని మీదే. దూలానికి ఉట్టి. పెరుగూ వెన్నా ఊరగాయా పిల్లికీ చీమకూ పిల్లలకూ అందకుండా ఉట్టి మీద గాలికి ఊగుతుండేవి. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతానందని సామెత పుట్టిందంటే ఆ ఎత్తు ఇంట్లో అందరికీ ఎంత పరిచయమో అర్థమవుతుంది. ఇంకా పైన అటక. పెళ్లికో తద్దినానికో దించే పెద్ద గుండిగలు, విత్తనాల కుండలు, విరిగినా పారేయబుద్ధి కాని ఉయ్యాల బల్ల అక్కడ. నులక మంచం తెల్లవారగానే లేచి గోడకు ఆనుకునేది. చాపలు చుట్ట చుట్టుకుని మూల నిలబడేవి. రాత్రి పడకగది, మధ్యాహ్నం భోజనాల గది, సాయంత్రం పిల్లల చదువుల గది ఒక్క గదే. మంచం, చాపలు తీస్తే చాలు, గది పని మారిపోయేది.

ఉత్తర కోస్తా తీరంలో, గోదావరి దిగువన కట్టుకున్న చుట్టిళ్లలో ఈ పద్ధతి కొసకంటా పోయింది. గుండ్రటి మట్టిగోడ, నేలకు దగ్గరగా దిగిన శంఖాకారపు తాటాకు కప్పు. తుఫాను గాలి తగలడానికి చదునైన ముఖం లేకుండా కట్టిన ఇల్లు అది. గుండ్రటి ఇంటికి మూలలుండవు, నలుచదరపు పెట్టెలు గోడకు సరిగ్గా ఆనవు. కాబట్టి ఉన్నదంతా వేలాడాలి, లేదా అటకెక్కాలి.

చేనేత ఇళ్లలో పరిస్థితి ఇంకా ఇరుకు. మంగళగిరిలోనో పోచంపల్లిలోనో గుంటమగ్గం ఉన్న ఇంట్లో ముందు గది మగ్గానిదే. నేలలో గుంట తవ్వి కాళ్లు అందులో పెట్టుకుని, తొక్కుడు చెక్కలు తొక్కుతూ నేలమట్టానికే కూర్చుని నేస్తారు. మగ్గం నేలలోకి దిగడం వల్లే ఆ గదికి కొంత గాలీ వెలుతురూ మిగిలాయి. నిలువు చట్రం మగ్గమైతే కప్పుదాకా నిండిపోయేది. పొడవాటి పడుగు సాపు చేయాల్సిన పని ఇంట్లో పట్టదు గనుక వీధిలోకి వెళ్లింది. నేత పేటల్లో తెల్లవారుజామున వీధి పొడుగునా దారాలు పరుచుకోవడం ఆ ఇరుకు నుంచి వచ్చిందే. కుటుంబం మగ్గం చుట్టూ మిగిలిన జాగాలో వండుకుంది, పిల్లల్ని పెంచుకుంది.

ఇక అలంకరణ. డబ్బున్నవాళ్ల సంగతి క్రీడాభిరామం అనే పాత కావ్యంలో కనిపిస్తుంది: ఓరుగల్లులో మాచల్దేవి ఇంటి చిత్రశాల గోడల నిండా బొమ్మలు. సామాన్యుడి ఇంటికి చిత్రకారుడు రాలేదు. ఇంటి ఆడవాళ్లే ఆ పని చేశారు, కొనాల్సిందీ ఏమీ లేకపోయింది. ఆవుపేడతో నేల అలికి, గోడ అడుగున ఎర్రమట్టితోనో జాజుతోనో పట్టీ తీర్చి, దాని మీద సున్నంతో చుక్కలూ గీతలూ పెట్టేవారు. గడపకు పసుపు, కుంకుమ బొట్లు. గోడ అడుగున ముదురు రంగు వేయడంలో ఒక తెలివి కూడా ఉంది. వానచినుకులకు చిందిన బురదా, ఆనుకుని కూర్చున్నవాళ్ల వీపు మరకా కనిపించవు. అలాంటి పట్టీయే తర్వాతి కాలంలో ఆయిల్ పెయింటుతో బడుల్లో, ఆసుపత్రుల్లో, రైల్వే స్టేషన్లలో నడుమెత్తుదాకా కనిపించింది.

గోడ మీద బొమ్మ అంటే ప్రతిచోటా అందం కోసమే అనుకోవడానికీ వీల్లేదు. శ్రీకాకుళం, పార్వతీపురం కొండల్లోనూ ఒడిశాలోనూ ఉండే సవరలు ఇంటి లోపలి గోడకు ఎర్రమట్టి పూసి బియ్యప్పిండితో బొమ్మలు వేస్తారు. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1955లో వాళ్ల మతం గురించి అచ్చేసిన పుస్తకంలో వీటి గురించి వివరంగా రాశాడు. అవి పితరులకూ దేవతలకూ గోడ మీద కట్టి ఇచ్చే ఇళ్లు. జబ్బు చేసినప్పుడో పంట కోసమో వేస్తారు. ఉన్న గుడిసెలో ఇంకొకరికి చోటివ్వాలంటే గోడ తప్ప మరో జాగా ఏది?

పనికిరానివి వదిలించుకోవడానికీ తిథి ఉంది. సంక్రాంతికి ముందు ఇళ్లన్నీ దులిపి వెల్ల వేస్తారు. నీటిసున్నంలో చిటికెడు నీలిమందు కలిపితే గోడ మరింత తెల్లగా కనిపిస్తుంది, పాచి వాసన పోతుంది, పురుగూ పుట్రా తగ్గుతుంది. చీకటి గదికి ఇంతకన్నా చవకైన వెలుగు అప్పట్లో మరొకటి లేదు. దులిపినప్పుడు బయటపడ్డ విరిగిన మంచంకోళ్లు, చివికిన తట్టలు, అరిగిన చీపుళ్లు భోగిమంటలోకి పోతాయి. పారేయాలా వద్దా అని ఊగిసలాడే పెద్దవాళ్ల తరఫున నిర్ణయం పిల్లకాయలు తీసుకునేవారు. భోగి ముందు రాత్రి అరుగు మీద వదిలేసిన పాత బల్ల తెల్లారేసరికి మంటలో ఉంటే తిట్టుకోవడం తప్ప చేసేదేమీ లేదు. ఆ దొంగతనానికి ఊరు ఏనాడూ శిక్ష వేయలేదు.

అయితే కాల్చింది తక్కువే. చిరిగిన చీరలు పొరలు పొరలుగా వేసి కుడితే బొంత అయ్యేది. పాత జరీచీరలు కొనేవాళ్లు వీధుల్లో తిరిగి, చీరను కాల్చి అందులోని వెండి తీసుకునేవారు. తర్వాత గంపల్లో స్టీలు గిన్నెలు పెట్టుకుని వచ్చినవాళ్లు పాత ప్యాంట్లకూ చొక్కాలకూ బదులుగా టిఫిన్ డబ్బాలు ఇచ్చారు. ఈ బేరంతో ఇంట్లో సామాను తగ్గిందా అంటే లేదు. మెత్తటిది పోయి గట్టిది వచ్చింది, అంతే. మూడు చొక్కాలు దండెం మీద ఏ మూలకో ఒదిగేవి. వాటి బదులు వచ్చిన బేసిన్‌కు చోటు వెతకాలి.

డబ్బాల కథ వేరు. 1937లో మార్కెట్లోకి వచ్చిన డాల్డా నెయ్యి స్థానంలో నిలబడి చాలామందికి కోపం తెప్పించింది గానీ, దాని పసుపుపచ్చ రేకు డబ్బాను ఎవరూ కాదనలేదు. ఖాళీ అయ్యాక పప్పులు పోసుకోవడానికి, నీళ్లు తోడుకోవడానికి, చివరికి అడుగున కన్నం పొడిచి తులసి మొక్క పెట్టుకోవడానికి పనికొచ్చింది. హార్లిక్స్ సీసాల్లో కారప్పొడి, పాలపొడి డబ్బాల్లో చిల్లర డబ్బులు. వరసగా పేర్చిన ఆ డబ్బాలే వంటింటికి అందం.

పందొమ్మిదో శతాబ్దం చివర్లో గోడకు కొత్త అతిథులు వచ్చారు. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో లితో ప్రెస్ పెట్టి, తన లక్ష్మినీ సరస్వతినీ శకుంతలనూ రంగుల్లో అచ్చు వేయించాడు. కొన్నేళ్లకే ప్రెస్ లోనావలా దగ్గరి మలవ్లీకి మారింది, ఆ తర్వాత అక్కడ పనిచేసే జర్మన్ నిపుణుడు ఫ్రిట్జ్ ష్లైకర్ చేతికి వెళ్లింది. గుళ్లోకి అడుగుపెట్టే వీల్లేని వాళ్లు కూడా దేవుణ్ణి పటం కట్టించి ఇంట్లో పెట్టుకోగలిగారు. తర్వాత శివకాశి అచ్చుయంత్రాలు ఆ పటాన్నీ చవక చేశాయి. కోవిల్‌పట్టిలో సి. కొండయ్య రాజూ ఆయన శిష్యులూ గీసిన మురుగన్, మీనాక్షి, లక్ష్మి బొమ్మలు కిరాణా కొట్ల పేర్లతో క్యాలెండర్లుగా దక్షిణాదంతా తిరిగాయి. ఏడాది అయిపోయాక తేదీల కాగితాలు చింపేసేవారు గానీ దేవుణ్ణి చింపలేరు గదా! బొమ్మ గోడమీదే ఉండిపోయేది. పాత క్యాలెండర్ మేకుకే కొత్తదీ తగిలించడం వల్ల ఒక్కో ఇంట్లో అయిదారేళ్ల దేవుళ్లు ఒకరి వెనక ఒకరు నిలబడి ఉండేవారు. పాల లెక్క, చాకలి పద్దు, గ్యాస్ బండ వచ్చిన తేదీ రాసుకున్నదీ దాని గళ్లలోనే.

పత్రికల నుంచి కత్తిరించిన బొమ్మలదీ అదే దారి. వడ్డాది పాపయ్య (వపా) వేసిన ‘చందమామ’, ‘యువ’ ముఖచిత్రాలను ఫ్రేము కట్టించుకున్న ఇళ్లు కోకొల్లలు. గ్యాలరీ ముఖం చూడని జనానికి వపా బొమ్మ పత్రిక ఖరీదుకే దొరికింది. బొమ్మల కొలువు చూసినా ఇదే చేతివాటం: ట్రంకుపెట్టెలు, పీటలు, పుస్తకాలు మెట్లుగా పేర్చి తెల్ల పంచె కప్పితే పండగ నాళ్లకు వేదిక తయారు. పైన తెల్లపొణికి చెక్కతో చేసిన కొండపల్లి బొమ్మలు. పండగ అయ్యాక బొమ్మలు అటకెక్కేవి, పెట్టెలు మంచం కిందికి పోయేవి.

ఈ ఏర్పాటంతా మందపాటి గోడ మీద ఆధారపడింది. ఇటుక వచ్చాక గోడ తొమ్మిది అంగుళాలైంది, లోపలి గోడ నాలుగున్నరకు దిగింది. అందులో గూడు తొలిస్తే అవతలి గది కనిపిస్తుంది. 1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తాక, పూరిళ్ల బదులు పక్కా ఇళ్లు కట్టాలన్న పట్టుదల పెరిగింది. రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ 1979లో ఏర్పడింది. స్లాబు ప్రాణాలు కాపాడుతుంది, అందులో రెండో మాట లేదు. దూలాలు పోవడంతో ఉట్టి కూడా పోయింది. అటక మాత్రం సిమెంటు సజ్జగా మారి వంటింటి గుమ్మం మీద మిగిలింది.

పట్నాల్లో మరో చిక్కు వచ్చింది. రెండు గదుల పోర్షన్ అద్దెకిచ్చే ఇంటి యజమాని చెప్పే మొదటి షరతు గోడలకు మేకులు కొట్టొద్దనే. వెనకటి అద్దెదారులు కొట్టిన మేకులే వారసత్వం. దేవుడి పటం ఎక్కడుండాలో, గడియారం ఎక్కడుండాలో వాళ్లే నిర్ణయించి వెళ్లిపోయారు. గోడ మీద హక్కు పోయాక సామాను నేలకు దిగింది. సరిగ్గా అప్పుడే పెళ్లి సారె రూపం మారింది. గోద్రెజ్ కంపెనీ స్టీలు బీరువా 1923 నుంచే ఉంది, కానీ మధ్యతరగతి ఇంటికి అది సారెగానే వచ్చింది. దాంతోపాటు డబుల్ కాట్, డ్రెస్సింగ్ టేబుల్. పది అడుగుల గదిలో ఈ మూడూ పెట్టాక మిగిలేది నడవడానికి ఓ సందు. నులక మంచంలాగా డబుల్ కాట్ పొద్దున్నే లేచి గోడకు ఆనుకోదు. ఇచ్చినవాళ్లు వియ్యంకులు గనుక వద్దనే మాటా కుదరదు. చిన్న ఇళ్లు ఇరుకైపోవడంలో జనాభా కన్నా ఈ సారె పాత్రే ఎక్కువేమో!

1980ల్లో గూడు మరో వేషంలో తిరిగొచ్చింది. ముందు గది గోడకు సిమెంటు పలకలతో అరలు కట్టి అద్దాలు బిగించి షోకేస్ అన్నారు. టీవీ, పింగాణీ కప్పులు, మనవడు గెలిచిన కప్పూ మెడళ్లూ అందులోకి చేరాయి. టీవీ మీద అల్లిక గుడ్డ తప్పనిసరి. నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు క్రైస్తవ మిషనరీల దగ్గర నేర్చుకున్న లేసు అల్లిక విదేశాల డైనింగ్ టేబుళ్ల కోసం అల్లినదే. అది వాళ్లకు ఎంత తక్కువ కూలి తెచ్చిందో సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో పుస్తకమే రాసింది. అదే అల్లిక ఇంటింటా రేడియోలకూ టీవీలకూ తొడుగైంది.

ఈమధ్య ప్రభుత్వాలు కట్టించిన ఇళ్ల కొలతలు చూస్తే లెక్క మొదటికొచ్చింది. 2015లో తెలంగాణ మొదలుపెట్టిన డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు 560 చదరపు అడుగులు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ సంస్థ టిడ్కో ఫ్లాట్లు 300, 365, 430 చదరపు అడుగులు. టిడ్కో ఇళ్లను షియర్ వాల్ పద్ధతిలో కట్టారు, అంటే గోడ మొత్తం కాంక్రీటే. సుత్తితో కొడితే మేకు వంకర పోతుంది. డ్రిల్లింగ్ మిషన్ పట్టాల్సిందే. అందుకే అలాంటి ఇళ్లలో గృహప్రవేశం నాటి పనుల జాబితాలో బ్రాహ్మణుడి తర్వాత డ్రిల్లింగ్ అబ్బాయి ఉంటాడు. ఎక్కడెక్కడ కన్నాలు పెట్టాలో ఇల్లాలు పెన్సిల్‌తో ముందే గుర్తు పెట్టుకుంటుంది: దేవుడి అర, ఫ్యాన్ పక్కన బట్టల తీగ, తలుపు వెనక కొక్కేలు, గ్యాస్ పొయ్యి పైన స్టీలు స్టాండు. డబుల్ కాట్ మెట్ల మలుపులో పట్టక కొందరి విషయంలో ఇంకా పుట్టింట్లోనే ఉంది.