మన సీమలోని కత్తులు: దాచవలసినవి అయిదు

పాతవస్తువులను సేకరించుట పలువురికి ప్రీతికరమైన వ్యాసంగము. కొందరు నాణెములను, కొందరు తపాలా బిళ్ళలను కూర్చుదురు. కత్తులను కూర్చువారును కలరు. అట్టివారిలో నేనొకడనని తెలిసి మన సంఘపు యువకులు కొందరు, "అయ్యా, కత్తులు సేకరించువాని యొద్ద తప్పక ఉండవలసినవి ఏవి?" అని నన్ను అడిగిరి. వారి మనస్సులో ఉన్నవి పాళెగాండ్ర ఖడ్గములు, రత్నాలు పొదిగిన బాకులు. నా ఉత్తరము వేరు. చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలలోని తెలుగు కుటుంబముల చరిత్రను చెప్పగల కత్తులు అయిదు కలవు. అవి అన్నియు పనికత్తులే. వాటిలో యుద్ధపు కత్తి ఒక్కటియు లేదు. కారణము విన్నవించెదను.

మన సీమ యుద్ధములను ఎరుగనిది కాదు. 1905లో బి. ఎల్. రైసు గారు ప్రకటించిన 'ఎపిగ్రాఫియా కర్ణాటికా' పదవ సంపుటము అప్పటి కోలారు జిల్లా శాసనములకు చెందినది. అందు ఈ తాలూకాల వీరగల్లులు అనేకములు చేరియున్నవి. పసుల మందలను కాపాడబోయి మడిసిన వీరుల గుర్తులుగా నిలిపిన రాళ్ళవి. వాటిపై చెక్కిన వీరులు విల్లో కత్తియో చేతబట్టి నిలిచియుందురు. తరువాతి కాలమున ఆవతి వంశపు గౌడులు చిక్కబళ్ళాపురమునందును, గుమ్మనాయకుని వంశమువారు బాగేపల్లి చెంతనున్న గుమ్మనాయకనపాళ్యమునందును కోటలు కట్టి ఏలిరి. చింతామణికి ఆ పేరు చింతామణిరావు అను మరాఠా సర్దారు వలన వచ్చినది. 1762లో హైదరాలీ చిక్కబళ్ళాపురమును పట్టుకొనెను. 1791 అక్టోబరు 19వ తేదీన కారన్‌వాలీసు సైన్యము నందిదుర్గమును వశపరచుకొనెను.

ఆ పోరులలో మెరసిన ఖడ్గములు నేడు మన ఇండ్లలో కానరావు. 'పాళెగాని కత్తి' యని ఎవరైన అమ్మజూపినచో, దాని పుట్టుపూర్వోత్తరములకు ఆధారము అడుగవలెను. చట్టమును కూడ తెలిసికొనవలెను. 1959 నాటి ఆయుధ చట్టము క్రింది నియమములు, 9 అంగుళములకు మించిన పొడవో 2 అంగుళములకు మించిన వెడల్పో గల అలుగుల కత్తులను ఆయుధములలో చేర్చినవి. ఇంటిపనికి, సేద్యమునకు, పరిశ్రమకు చేసినవాటిని మినహాయించినవి. రాజుల కత్తులు చూడగోరువారు 1951లో తెరచిన హైదరాబాదు సాలార్‌జంగు మ్యూజియమునకు పోవచ్చును. అవి మ్యూజియములకే తగినవి. మన ఇంటి కత్తులను మాత్రము మనము దాచనిచో దాచువారు లేరు.

ఇక ఉక్కును గురించి. 1800, 1801 సంవత్సరములలో మైసూరు రాజ్యమున సంచరించిన ఫ్రాన్సిస్ బుకానను, ఇచ్చటి పనివారు ఉక్కు చేయు విధమును వర్ణించెను. ఆ గ్రంథము 1807లో అచ్చయినది. ఇనుప ముక్కలను, తంగేడు పుల్లలను, పచ్చి ఆకులను మట్టిమూసలో పెట్టి మూతవేసి, బొగ్గుల కొలిమిలో తిత్తులతో ఊదుచు కరగించెడివారు. మన పొలముగట్ల మీద పసుపు పూలు పూయు తంగేడే ఇనుమునకు బొగ్గుసారము నిచ్చి ఉక్కుగా మార్చెడిది. తెలంగాణములోని కోనసముద్రమున ఇట్టి ఉక్కునే చేయుచుండగా పారశీక వర్తకులు వచ్చి కొనిపోవుచుండిరని వాయిసీ వ్రాసెను. అది 1832లో ప్రకటితమైనది. 1794లో బొంబాయి నుండి లండనుకు పంపబడిన ఉక్కుముద్దలను పియర్సను అను శాస్త్రజ్ఞుడు పరీక్షించి, మరుసటి యేట రాయల్ సొసైటీకి నివేదించెను. అచ్చట దానిని 'ఊట్జు' అనిరి. ఉక్కు అను మన మాటయే అట్లు మారినదని పండితుల అభిప్రాయము. లండనులో కత్తులు చేయు స్టొడార్టు ఈ ఉక్కును మెచ్చి, మైకేలు ఫారడేతో కలసి దానిపై పరిశోధనలు చేసెను.

తరువాత ఓడలపై వచ్చిన చవుక ఇనుము మన కొలుములను ఆర్పివేసినది. అడవులపై ఆంక్షలు పెరిగి బొగ్గు దొరకుటయు కష్టమైనది. చిక్కబళ్ళాపురమునకు చేరువలోని ముద్దేనహళ్ళిలో పుట్టిన విశ్వేశ్వరయ్య గారు మోక్షగుండము నుండి వచ్చిన తెలుగు కుటుంబమువారు. వారు దివానుగా ఉన్న కాలమున 1918లో మొదలిడిన భద్రావతి ఇనుప కర్మాగారము 1923 నుండి ఇనుము తీయసాగెను. అది కూడ మొదట కట్టెబొగ్గుతోనే నడచినది.

ఇప్పుడు ఆ అయిదు కత్తులను చెప్పెదను.

మొదటిది కొడవలి. మనది రాగి పండు నేల. రాగి వెన్నులు కోయుటకు కక్కులు గల సన్నని కొడవలి వాడుక. అరిగి నెలవంకవలె సన్నబడిన కొడవలిని పాతదని పారవేయరాదు. ఎన్ని పంటలు కోసినదో ఆ అరుగుదలయే చెప్పును. నేడు కోతయంత్రములు వచ్చినవి.

రెండవది ఈలపీట. కన్నడమున ఈళిగెమణె యందురు. నేలపై కూర్చుండి, పీటను కాలితో అదిమిపట్టి, కూరగాయను కత్తి మీదికి త్రోయుదురు. కొన్నిటికి కొనను కొబ్బరికోరు ఉండును. నిలుచుండి వండు వంటగట్లు వచ్చిన పిదప ఇది అటక ఎక్కినది.

మూడవది మచ్చుకత్తి. టెంకాయ కొట్టుటకు, కంపచెట్లు నరకుటకు, కట్టెలు చీల్చుటకు ఇదియే. బరువంతయు కొనవైపున ఉండును. అందువలన చేయి కొంచెము ఎత్తిన చాలును.

నాల్గవది పట్టుపురుగుల ఆకుకత్తి. చిక్కబళ్ళాపురమునకును చింతామణికిని నడుమనున్న శిడ్లఘట్ట పట్టుగూళ్ళ సంత ప్రసిద్ధమైనది. పొదిగిన కొలది దినములు, అనగా చాకీ దశలో, పురుగులకు మల్బరీ ఆకును సన్నగా తరిగి వేయవలెను. అందుకు వెడల్పైన తేలిక కత్తి కావలెను. ఇప్పుడు చాకీ కేంద్రములే పురుగులను కొంత పెంచి ఇచ్చుచున్నందున ఈ కత్తులు ఇండ్లలో తగ్గినవి.

అయిదవది శానుభోగుల గంటపుకత్తి. ఒకే పిడిలో ఒకవైపు తాటాకు కత్తిరించు చిన్న అలుగు, మరొకవైపు వ్రాయు గంటము మడచియుండును. 1961 నాటి చట్టముతో మైసూరు రాష్ట్రమున వంశపారంపర్య గ్రామాధికారములు రద్దగుటతో అట్టి ఇండ్లలోని వ్రాతసామగ్రికి పని లేకపోయెను.

ఈ అయిదింటిలో నాలుగు నా యొద్ద కలవు. అయిదవది లేదు. లేకపోవుటకు కారకుడను నేనే.

మా తాతగారు బాగేపల్లి తాలూకాలోని ఒక గ్రామమునకు శానుభోగు. నేను గుమాస్తాగా ఉన్న దినములలో ఇంటికి మరమ్మతు చేయించుచు, అటకమీది తుప్పు సామానునంతయు మూటగట్టి పాత ఇనుము కొనువానికి తూకమునకు వేసితిని. విప్పియైనను చూడలేదు. వచ్చిన డబ్బు కూలివారి కాఫీ ఫలహారములకు సరిపోయినది. ఆ యేడు మహర్నవమినాడు మా అమ్మ ఆయుధపూజకు కొడవలిని, మచ్చును, ఈలపీటను కడిగి పసుపు కుంకుమలు పెట్టి, పుస్తకముల ప్రక్కన కొంత చోటు విడిచి, "ఏమి నాయనా, తాత గంటము యెక్కడ పెట్టినావు?" అని అడిగినది. మరునాడు ఆ వర్తకుని యొద్దకు పరుగెత్తితిని. సరుకు అదివరకే కరగింపునకు పోయినదని అతడు చెప్పెను. మా అమ్మ నన్ను ఒక్క మాటయు అనలేదు. కాని బ్రదికియున్నంత కాలము పూజలో ఆ చోటు అట్లే విడిచెడిది.

నా సేకరణ ఆ మరుసటి వారమున మొదలైనది. కావున యువకులకు నా మనవి ఇది. కత్తి దొరకిన వెంటనే అది ఏ ఊరిది, ఎవరింటిది, ఏ పనికి వాడిరి, చేసిన కమ్మరి ఎవరు అను సంగతులు చీటిపై వ్రాసి దానితో కట్టుడు. చీటి లేని కత్తి వట్టి ఇనుము. తుప్పు వదలించుటకు చింతపండుతోను ఇసుకతోను తోమరాదు. అట్లు చేసిన పాత నిగారింపు పోవును. మెత్తని గుడ్డతో తుడిచి కుట్టుమిషను నూనె పలుచగా పూసిన చాలును. తోలు ఒరలో ఉంచి దాచరాదు. తోలు తేమను పట్టి ఉక్కును తినును.

మరియొక మాట. చింతామణి దారిలో ఒక వృద్ధ కమ్మరి నేటికిని లారీ కమాను పట్టీలతో మచ్చులు కొట్టుచున్నాడు. "ఏడాదికి పది కొడవళ్ళు అడిగినా ఎక్కువే సార్" అని అతడు నాతో అనెను. పాతది దాచుటతోపాటు అతని యొద్ద క్రొత్తది ఒకటి చేయించుకొనుడు. వచ్చు దసరాలోగా మీ మీ అటకలు మీరే ఎక్కి చూడుడు. మూటలు విప్పి చూడనిదే ఎవరికిని తూకము వేయకుడు.