లారీకి కాటా ఉంది, నిద్రకు కాటా లేదు



సేలం, నామక్కల్, సంకగిరి వైపు మన కుటుంబాల్లో చాలామంది రెండు మూడు తరాలుగా లారీని నమ్ముకుని బతుకుతున్నారు. కొందరు ఓనర్లు, కొందరు డ్రైవర్లు, కొందరు రెండూ. పెళ్ళిళ్ళలో, గుడి పండగల్లో వాళ్ళు ఒకచోట కూర్చుంటే మూడు ప్రశ్నలు తప్పకుండా వస్తాయి. ఓవర్‌లోడు ఎక్కించేది ఒకరు, ఫైను కట్టేది ఇంకొకరా? ప్రమాదమైతే అక్కడే నిలబడి జనం చేత దెబ్బలు తినాలా? దినానికి ఎన్ని గంటలు బండి తోలాలని చట్టంలో ఏమైనా ఉందా?

మొదటి రెండింటి మీద అర్ధరాత్రి దాకా వాదన నడుస్తుంది. మూడోదానికి అందరూ నవ్వేసి, "బండికి డీజిలు ఉన్నంతసేపు" అంటారు. నిజానికి చట్టం ఎప్పటినుంచో ఉన్నది ఆ మూడో దానికే. ఉన్నా ఎందుకు కనబడలేదో చూద్దాం.

మన దేశంలో మొదటి మోటారు వాహనాల చట్టం 1914లో వచ్చింది. 1930ల్లో బస్సులు, లారీలు పెరిగి రైలు రాబడిని తింటున్నాయని అప్పటి ప్రభుత్వానికి దిగులు పట్టుకుంది. 1932లో మిచెల్, కిర్క్‌నెస్ అనే ఇద్దరు అధికారులను పెట్టి రోడ్డుకూ రైలుకూ మధ్య పోటీ మీద విచారణ చేయించారు. ఆ తర్వాత వచ్చిన 1939 చట్టం లారీకి పర్మిట్ అనే కళ్ళెం వేసింది. అదే చట్టంలో డ్రైవరు గురించి కూడా ఒక మాట రాశారు. ఐదు గంటలు తోలితే అరగంట విరామం ఇవ్వాలి, దినానికి తొమ్మిది గంటలు, వారానికి యాభై నాలుగు గంటలు దాటకూడదు. అంటే పర్మిటూ, డ్రైవరు నిద్రా ఒకే పుస్తకంలో పుట్టాయి. ఒకటి బాగా పెరిగింది, ఇంకొకటి పుట్టిన చోటే ఉండిపోయింది.

స్వాతంత్ర్యం తర్వాత 1961లో మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది. దినానికి ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటలు. దూరపు రూట్లలో అయితే పది గంటలు, యాభై నాలుగు గంటల దాకా పోవచ్చు. వారానికి ఒక దినం సెలవు. చదవడానికి చాలా బాగుంది. అయితే ఐదుగురు, అంతకు ఎక్కువమంది పనివాళ్ళు ఉన్న సంస్థకే ఈ చట్టం. ఒక లారీ పెట్టుకున్న మనవాడి దగ్గర ఇద్దరు డ్రైవర్లు, ఒక క్లీనరు ఉంటే ముగ్గురే కదా! అలా చాలా బండ్లు లెక్కలోకే రాలేదు.

ఈ సందును 1988 మోటారు వాహనాల చట్టం మూసింది. రవాణా బండి నడిపే ఎవరికైనా 1961 చట్టంలో చెప్పిన గంటలే వర్తిస్తాయని 91వ సెక్షన్ చెప్పింది. కాబట్టి "మాది ఒకే బండి, మాకు ఆ రూలు లేదు" అనే మాట చెల్లదు. 2020లో పార్లమెంటు పాత కార్మిక చట్టాలను కొత్త కోడ్‌లలో కలిపినప్పుడు కూడా ఎనిమిది గంటల మాట అలాగే ఉంది.

ఇంకో చిక్కు ఉంది. 1961 చట్టం పని గంటలంటే ఏమిటో చెప్పేటప్పుడు, టెర్మినల్‌లో ఊరికే కాచుకుని ఉండే సమయం పదిహేను నిమిషాల లోపైతే పనిలో చేర్చింది. లారీ బతుకు తెలిసినవాళ్ళకు ఇది చదివితే నవ్వు వస్తుంది. మిల్లు గేటు ముందు, సిమెంటు ఫ్యాక్టరీ ముందు, హార్బరులో పదిహేను నిమిషాల్లో ఎవరి లోడు దిగింది? ఒక పగలు, ఒక రాత్రి కాచుకుంటారు. ఎండలో క్యాబిన్‌లో నిద్ర పట్టదు. లోడు ఎక్కగానే "రేపు పొద్దునకల్లా అక్కడుండాలి" అంటారు. పోయిన కాలాన్నంతా డ్రైవరు కళ్ళ మీదే వసూలు చేస్తారు.

రైల్వేలో కాగితాల మధ్య పనిచేసిన మాలాంటి వాళ్ళకు ఇక్కడే తేడా తెలుస్తుంది. గూడ్స్ షెడ్డులో వ్యాగను వచ్చిన టైమూ, ఖాళీ అయిన టైమూ రాసేవాళ్ళం. గడువు దాటితే డెమరేజీ పడుతుంది. ఇనప వ్యాగను కాచుకున్నా దానికి వెల ఉంది. ఇంజను డ్రైవరు డ్యూటీ ఎక్కిన టైము, దిగిన టైము రిజిస్టరులో సంతకంతో ఉంటాయి. ఊరుగాని ఊరిలో దిగితే రన్నింగ్ రూములో మంచం, వంట ఉంటాయి. ఇవేవీ ఉచితంగా రాలేదు. 1973లో లోకో రన్నింగ్ సిబ్బంది సమ్మె చేసిన తర్వాతే డ్యూటీకి పది గంటల హద్దు అన్న మాటకు ప్రభుత్వం ఒప్పుకుంది. అది సరిగా అమలు కావడంలేదన్న గొడవ ఆ తర్వాతా నడిచింది. అయినా గొడవ పడడానికి చేతిలో ఒక రిజిస్టరు ఉంది. లారీ డ్రైవరు చేతిలో ఆ ఒక్క కాగితమే లేదు.

మిగతా కాగితాలన్నీ ఉన్నాయి. చెన్నై నుంచి విజయవాడ మీదుగా బరంపురం పోయే మనవాళ్ళను అడగండి. తడ దగ్గర భీములవారిపాలెం, ఇచ్ఛాపురం దగ్గర పురుషోత్తపురం, ఈ చెక్‌పోస్టుల పేర్లు పిల్లల పేర్లలా చెబుతారు. 1975లో నేషనల్ పర్మిట్ వచ్చింది. చాలాకాలం ఏ ఏ రాష్ట్రాలు కావాలో ఎంచుకుని ఒక్కో రాష్ట్రానికి విడిగా కట్టాలి. 2010 మేలో ఏడాదికి ఒకే ఫీజుతో దేశమంతా తిరిగే పద్ధతి పెట్టారు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చి సరుకు పన్ను చెక్‌పోస్టులు లేచిపోయాయి. సరుకు దారి సులువైంది. ఆగి కాళ్ళు చాపుకునే చోట్లూ కొన్ని తగ్గాయి.

బరువు లెక్క కూడా అంతే. 2005లో సుప్రీంకోర్టు ఓవర్‌లోడు మీద గట్టిగా చెప్పింది. 2018 జూలైలో రెండు ఇరుసుల బండి మొత్తం బరువు హద్దును 16.2 టన్నుల నుంచి 18.5కు, మూడు ఇరుసుల బండిది 25 నుంచి 28.5కు పెంచారు. 2019 సవరణ తర్వాత ఓవర్‌లోడుకు ఫైను 20,000 రూపాయలు, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకు 2,000. ఎక్కువ సరుకు దించాకే బండి కదలాలి. మొదటి ప్రశ్నకు జవాబు కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. బండి నడిపినవాడితో పాటు నడిపించినవాడు, నడవనిచ్చినవాడు కూడా బాధ్యుడే. డ్రైవరు జేబులోంచే పోవాలని ఎక్కడా రాయలేదు.

రెండో ప్రశ్న 2024 జనవరి మొదట్లో దేశమంతా విన్నాం. పాత శిక్షాస్మృతి 304ఎ కింద గరిష్ఠ శిక్ష రెండేళ్ళు. కొత్త న్యాయ సంహిత 106(2)లో, ప్రాణం తీసి పోలీసులకు చెప్పకుండా పారిపోతే పదేళ్ళ దాకా అన్నారు. డ్రైవర్లు బండ్లు ఆపేశారు, పెట్రోలు బంకుల ముందు వరసలు నిలిచాయి. 2024 జూలై 1న మిగతా సంహిత అమలులోకి వచ్చినా ఆ ఒక్క ఉపవిభాగాన్ని ఆపి ఉంచారు. మనవాళ్ళకు తెలియవలసింది ఇంకొకటి ఉంది. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్, గాయపడినవారికి వైద్యం అందించమని చెబుతూనే, జనం ఆగ్రహం వల్ల వీలుకాకపోతే అన్న మినహాయింపును ఎప్పుడో రాసింది. ప్రాణభయంతో అక్కడినుంచి తప్పుకోవచ్చు, కానీ నేరుగా పోలీసు స్టేషనుకు పోవాలి. ఇంటికి కాదు.

ఇప్పుడు మూడూ కలిపి చూడండి. పర్మిటుకు చెక్‌పోస్టు ఉంది. బరువుకు కాటా ఉంది. ప్రమాదానికి కోర్టు ఉంది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు, మంచిదే, ఫ్యాక్టరీలోనే చూసి సరిచేయవచ్చు. కొలవగలిగిన ప్రతిదానికీ రూలు నడిచింది. నిద్రకు మాత్రం కొలత పెట్టలేదు, అందుకే ఆ రూలు నడవలేదు. కొలవలేమని కాదు. యూరోపులో బండిలోనే టాకోగ్రాఫ్ అనే యంత్రం ఉంటుంది. నాలుగున్నర గంటలు తోలితే నలభై ఐదు నిమిషాలు ఆగాలి, ఆగింది లేనిది అది రాసిపెడుతుంది.

ఓనర్ల కష్టం కూడా మనకు తెలుసు. ఫైనాన్సు నెల తప్పదు, బాడుగ పెరగదు, తిరుగు లోడు దొరకదు. ఎక్కువ చోట్ల ఆ ఓనరే స్టీరింగ్ ముందు కూర్చుని ఉంటాడు. తనను తానే నిద్రపోనివ్వని మనిషిని ఏ ఇన్‌స్పెక్టరు పట్టుకుంటాడు?

కాబట్టి మొదట మన చేతిలో ఉన్న పని చేద్దాం. మన సంఘంలో లారీ ఉన్న ప్రతి ఇంటివాళ్ళు బండిలో పది రూపాయల నోటుబుక్కు ఒకటి పెట్టండి. తోలడం మొదలుపెట్టిన టైము, ఆపిన టైము, గేటు ముందు కాచుకున్న టైము, ఈ మూడు రాయించండి. మూడు నెలలు రాస్తే మన గంటల లెక్క మన చేతిలో ఉంటుంది. లోడు ఇచ్చేవాళ్ళతో మాట్లాడడానికీ, ప్రభుత్వాన్ని అడగడానికీ అదే ఆధారం. హైవే పక్కన ఉన్న మన కల్యాణ మండపాలు ముహూర్తాలు లేని రోజుల్లో ఊరికే మూసి ఉంటాయి. ఒక గది, నాలుగు చాపలు, ఒక కుళాయి డ్రైవర్లకు తెరిచి పెట్టలేమా? వచ్చే కమిటీ సమావేశంలో ఈ రెండు మాటలూ పెట్టాలని కోరుతున్నాం.

మీ ఇంట్లో లారీ తోలిన పెద్దలు ఉంటే ఇది చదివి వినిపించండి. వాళ్ళు ఎన్ని గంటలు తోలేవాళ్ళో, ఎక్కడ పడుకునేవాళ్ళో అడిగి కింద రాయండి. అది కూడా మన చరిత్రే, ఇంతవరకు ఎవరూ రాయలేదు.