కుడి కిటికీలో ఏముంది?

మీ కుడిచేయి థ్రాటిల్ మీద ఉంది. ఎడమ కిటికీలో వాట్సన్‌విల్ రన్‌వే, దాని కొస అవతల మోంటెరే బే. సముద్రం మీంచి మధ్యాహ్నపు ఎండ కళ్లలో పొడుస్తోంది. రన్‌వేకి సమాంతరంగా, దిగే దిశకు ఎదురుగా వెళ్తున్నారు. ఇది డౌన్‌విండ్. నేల సుమారు వెయ్యి అడుగుల కింద ఉంది. ఇంకా రెండు ఎడమ మలుపులు తిరగాలి: బేస్, ఆ తర్వాత రన్‌వేకి సూటిగా ఫైనల్.

కాలిఫోర్నియా తీరంలోని ఈ ఎయిర్‌పోర్టుకు కంట్రోల్ టవర్ లేదు. ఎవరు ముందు దిగాలో చెప్పే గొంతు లేదు. పైలట్లే ఒకే ఫ్రీక్వెన్సీలో ఎక్కడున్నారో చెప్పుకుంటారు. వెతుక్కుంటారు, తప్పుకుంటారు.

మీది రెండు సీట్ల సెస్నా 152. కార్బ్యురేటర్‌లో మంచు పట్టకుండా కార్బ్ హీట్ నాబ్ లాగారు. థ్రాటిల్ తగ్గించారు. ఇంజిన్ హోరు తగ్గగానే రేడియోలో కొత్త గొంతు:

"వాట్సన్‌విల్ ట్రాఫిక్, ట్విన్ సెస్నా, ఐదు మైళ్లు, స్ట్రెయిట్ ఇన్."

రెండు ఇంజిన్ల విమానం. చుట్టూ తిరగకుండా నేరుగా దిగుతానంటున్నాడు. నిబంధనలు దాన్ని కాదనవు. ఐదు మైళ్లు దూరమే కదా అనిపిస్తుంది. మీ 70 నాట్ల వేగంతో ఆ దూరానికి నాలుగు నిమిషాలకు పైనే పడుతుంది. కానీ అతను దూరం చెప్పాడు, వేగం చెప్పలేదు.

మీరు బేస్‌కి తిరుగుతారు. ఎడమ రెక్క దిగుతుంది. మీ తల పైన ఉండే ఆ రెక్కే ఇప్పుడు రన్‌వేని కప్పేసింది. సర్దుకుని రెక్కలు సమం చేస్తారు. కళ్లు మళ్లీ ఎడమకే, రన్‌వే మీదికే పోతాయి. అందరి కళ్లూ అంతే. దిగాల్సిన చోటు అటే ఉంది మరి.

"ట్విన్ సెస్నా, రెండు మైళ్లు, ఫైనల్."

నిమిషం కిందటే కదా ఐదన్నాడు! అంటే నిమిషానికి మూడు మైళ్లు. 180 నాట్లు.

2022 ఆగస్టు 18న ఇదే రన్‌వేకి దిగుతూ ఒక సెస్నా 152, రెండు ఇంజిన్ల సెస్నా 340 ఢీకొన్నాయి. పెద్ద విమానం దాదాపు ఇదే వేగంతో సూటిగా వచ్చింది. ముగ్గురు చనిపోయారు. ఇద్దరు పైలట్లూ రేడియోలో మాట్లాడుతూనే ఉన్నారు. మాట్లాడుకుంటే చాలదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

కుడివైపు చూడండి. ఫైనల్‌లో వచ్చేవాడు అటునుంచే వస్తాడు.

కొండల ముందు తెల్లటి చుక్క. అద్దానికి అంటుకున్న ఈగలా అక్కడే ఉంది. కదలడం లేదు. కదలనిది ప్రమాదం కాదనిపిస్తుంది. నిజానికి మిమ్మల్ని దాటి పోయే విమానమే అద్దంలో పక్కకు జరుగుతుంది. మీ మీదికి వచ్చేది జరగదు. పెద్దదవుతుంది.

చుక్కకి రెక్కలొచ్చాయి.

చూసి, గుర్తుపట్టి, నిర్ణయించుకుని, విమానం నిజంగా తిరిగేలోపు పన్నెండున్నర సెకన్లు పడుతుందని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ లెక్క. ఆ లోపు అతను కిలోమీటరు దాటి వచ్చేస్తాడు.

ఎడమకు తిరగాలా? అతని ముందుకే వెళ్తారు. పైగా వీపు అతని వైపు ఉంటుంది. ముక్కు పైకి లాగాలా? వేగం పడిపోతుంది, రెక్క స్టాల్ అవుతుంది, విమానాన్ని మోయడం మానేస్తుంది. తేరుకోవడానికి ఎత్తు లేదు. ఇలాగే వెళ్లాలా? అతని దారిలోకే.

కుడికి. ఫైనల్ గీత దాటొద్దు.

థ్రాటిల్ పూర్తిగా. కార్బ్ హీట్ లోపలికి. కుడికి వంచండి. లాగొద్దు. వేగం చూడండి. బయట చూడండి. ఎక్కడున్నాడు? ముందున్నాడు. ఎదురుగా. ఇంకా తిరగండి. ఇప్పుడు ఎడమకు జరిగాడు. జరిగాడు!

రెండు ఇంజిన్లూ, తోక కింది రంగు గీతా కనిపించేంత దగ్గరగా ఎడమ కిటికీ దాటిపోయాడు.

రెక్కలు సమం చేయండి. నోరు ఎండిపోయింది. అయినా మైక్ నొక్కి చెప్పండి: బేస్ వదిలేశాను, కుడికి తిరిగాను, ఏడువందల అడుగులు.

వెంటనే మూడో గొంతు: "లెఫ్ట్ డౌన్‌విండ్." అంటే మీ కుడివైపు, మీకంటే పైన ఒకరున్నారు. థ్రాటిల్ పూర్తిగా తెరిచే ఉంది. విమానం పైకి లేవాలని చూస్తోంది. లేవనివ్వకండి. ముక్కు కిందికి నొక్కిపట్టి, కుడి రెక్క ఎత్తి, ముందు అతన్ని కనిపెట్టండి.