చార్టిస్టు ఉద్యమం: ఓటు కోసం బ్రిటన్ కార్మికుల పోరాటం

చార్టిజం 1838-1848 మధ్య బ్రిటన్‌లో ఉధృతంగా సాగిన కార్మికవర్గ రాజకీయ ఉద్యమం. 21 ఏళ్లు నిండిన ప్రతి పురుషుడికీ ఓటు ఉండాలని, కార్మికులు కూడా పార్లమెంటులో కూర్చోగలిగేలా ఎన్నికల పద్ధతి మారాలని కోరుతూ లక్షలాది మంది సంతకాలు చేశారు. పార్లమెంటుకు మూడుసార్లు మహజరు సమర్పించారు. మూడుసార్లూ ఖాళీ చేతులతోనే తిరిగి వచ్చారు. అయినా వారు అడిగిన ఆరింటిలో ఐదు 1918 నాటికి బ్రిటన్‌లో అమల్లోకి వచ్చాయి.

ఆస్తి ఉన్నవారికే ఓటు

19వ శతాబ్దం మొదట్లో మాంచెస్టర్ వంటి పెద్ద పారిశ్రామిక నగరానికి సొంతంగా ఒక్క పార్లమెంటు స్థానం కూడా లేదు. జనం దాదాపు లేని ఓల్డ్ సారం నుంచి మాత్రం ఇద్దరు సభ్యులు సభకు వెళ్లేవారు. ఈ పద్ధతిని మార్చాలని మధ్యతరగతి, కార్మికులు కలిసి ఆందోళన చేశారు. ఫలితంగా 1832లో సంస్కరణ చట్టం వచ్చింది. కొత్త నగరాలకు స్థానాలు దక్కాయి. కానీ పట్టణాల్లో ఏడాదికి 10 పౌండ్ల అద్దె విలువ చేసే ఇల్లు ఉన్నవారికే ప్రధానంగా ఓటు ఇచ్చారు. వ్యాపారులు, ఫ్యాక్టరీల యజమానులు ఓటర్లయ్యారు. వారితో కలిసి ఊరేగింపుల్లో నడిచిన కార్మికుల్లో అత్యధికులు బయటే ఉండిపోయారు.

కొత్త పార్లమెంటు ఎవరి పక్షమో త్వరలోనే తేలిపోయింది. 1834లో పేదల చట్టాన్ని సవరించారు. సాయం కావాలంటే వర్క్‌హౌస్‌లో చేరాల్సిందేనన్నది దాని ఉద్దేశం. అక్కడ భార్యను, భర్తను, పిల్లలను విడివిడిగా ఉంచేవారు. అదే ఏడాది డోర్సెట్ ప్రాంతంలోని టోల్‌పడిల్ గ్రామంలో సంఘం పెట్టుకున్న ఆరుగురు వ్యవసాయ కూలీలకు రహస్య ప్రమాణం చేశారన్న నేరంపై ఆస్ట్రేలియా ప్రవాస శిక్ష వేశారు. చట్టాలు చేసే చోట తమవారు లేకపోతే కూలీ, రొట్టె, గూడు ఏవీ నిలవవని కార్మికులు గ్రహించారు. ఓటు సమస్య నిజానికి తిండి సమస్యేనని మతబోధకుడు జోసెఫ్ రేనర్ స్టీఫెన్స్ 1838లో మాంచెస్టర్ దగ్గర జరిగిన భారీ సభలో చెప్పింది దీన్నే.

ఆరు డిమాండ్లు

1836లో విలియం లోవెట్, హెన్రీ హెదరింగ్టన్ తదితరులు లండన్ కార్మికుల సంఘాన్ని స్థాపించారు. ఆ సంఘం 1838 మే నెలలో ‘ప్రజా చార్టర్’ను ప్రచురించింది. ఉద్యమానికి పేరు వచ్చింది దీని నుంచే. అందులోని డిమాండ్లు ఇవి: 21 ఏళ్లు నిండిన పురుషులందరికీ ఓటు, రహస్య ఓటింగ్, పార్లమెంటు సభ్యులకు ఆస్తి అర్హత రద్దు, సభ్యులకు జీతం, సమాన ఓటర్లతో నియోజకవర్గాలు, ఏటా ఎన్నికలు.

ఈ ఆరూ ఒకదానికొకటి ముడిపడినవి. ఓటు ఇచ్చి దాన్ని బహిరంగంగా వేయమంటే, కౌలుదారు భూస్వామికి భయపడి వేస్తాడు. రహస్య ఓటింగ్ ఉన్నా, ఆస్తి ఉన్నవాడే పోటీ చేయాలంటే ధనికుల్లోంచే ఒకరిని ఎంచుకోవాలి. పోటీ చేసే హక్కు ఉన్నా జీతం లేకపోతే, నేత కార్మికుడు మగ్గం వదిలి లండన్‌లో ఎలా బతుకుతాడు? నియోజకవర్గాలు అసమానంగా ఉంటే పది వేల మంది నగరవాసుల ఓట్లకూ, రెండు వందల మంది పల్లెవాసుల ఓట్లకూ ఒకే విలువ. ఎన్నికలు ఏటా జరిగితే గెలిచినవాడు మాట తప్పలేడు, ప్రతిసారీ ఓట్లు కొనడం డబ్బున్నవాడికీ భారమే. ఓటు చేతికి వచ్చాక కూడా దాన్ని లాక్కునే దారులన్నీ మూయాలన్నది చార్టర్ రాసినవారి ఆలోచన.

మూడు మహజర్లు

లీడ్స్ నుంచి వెలువడిన ‘నార్తర్న్ స్టార్’ పత్రిక ఉద్యమాన్ని దేశమంతా కలిపింది. దాన్ని నడిపిన ఐరిష్ నాయకుడు ఫియర్గస్ ఓకానర్ గొప్ప వక్త. చదువు రాని వారి కోసం పత్రికను పనిచేసే చోట్లా, సారాయి దుకాణాల్లోనూ పైకి చదివేవారు.

1839లో సుమారు 12.8 లక్షల సంతకాలతో మొదటి మహజరు వెళ్లింది. జులైలో కామన్స్ సభ దాన్ని 235-46 ఓట్లతో తోసిపుచ్చింది. నవంబరు 4న వేల్స్‌లోని న్యూపోర్ట్‌కు వేలాది గని, ఇనుము కార్మికులు ఆయుధాలతో కదిలి వచ్చారు. వెస్ట్‌గేట్ హోటల్ వద్ద సైనికులు కాల్పులు జరిపారు. కనీసం 22 మంది చనిపోయారు. నాయకుడు జాన్ ఫ్రాస్ట్‌కు, మరో ఇద్దరికి రాజద్రోహం కింద మరణశిక్ష వేసి, తర్వాత దాన్ని యావజ్జీవ ప్రవాసంగా మార్చారు.

1842 మహజరుపై 33 లక్షలకు పైగా సంతకాలున్నాయి. ఆ కాగితాల చుట్ట సభ తలుపుల్లో పట్టక, విడదీసి లోపలికి తీసుకెళ్లారు. ఈసారి 287-49 ఓట్లతో తిరస్కరించారు. ఆ వేసవిలో వేతనాల కోతపై మొదలైన సమ్మెలు పారిశ్రామిక ప్రాంతాలంతటా పాకాయి. కార్మికులు ఆవిరి బాయిలర్ల బిరడాలు పీకి యంత్రాలను ఆపేశారు. చాలాచోట్ల చార్టర్ కూడా సమ్మె డిమాండయింది.

1848 ఏప్రిల్ 10న లండన్‌లోని కెన్నింగ్టన్ మైదానంలో చివరి పెద్ద సభ జరిగింది. ఫ్రాన్స్‌లో విప్లవం వచ్చి రెండు నెలలైనా కాలేదు. ప్రభుత్వం వేలాది మందిని ప్రత్యేక కానిస్టేబుళ్లుగా నియమించింది, రాణి లండన్ విడిచి వెళ్లింది. సభ ప్రశాంతంగా ముగిసింది. 57 లక్షల సంతకాలున్నాయని ఓకానర్ చెప్పగా, పార్లమెంటు గుమాస్తాలు సుమారు 19.75 లక్షలుగా లెక్క తేల్చారు. రాణి పేరుతో సహా కొన్ని దొంగ సంతకాలు బయటపడ్డాయి. పత్రికలు ఎగతాళి చేశాయి. లక్షల నిజమైన సంతకాల గురించి మాట్లాడినవారు తక్కువ.

భారత్‌తో ముడిపడిన ఇద్దరు

1842 చర్చలో మహజరును గట్టిగా వ్యతిరేకించినవారిలో మెకాలే ఒకరు. భారత్‌లో ఇంగ్లీషు విద్యకు 1835లో వాదించిన మెకాలేయే ఈయన. చార్టర్‌లోని కొన్ని అంశాలతో తనకు పేచీ లేదంటూనే, సార్వత్రిక ఓటు వస్తే ఆస్తికి, దానితో నాగరికతకు ముప్పని వాదించారు. ఇక 1839లో చార్టిస్టులను అదుపు చేసేందుకు ఉత్తర ఇంగ్లండ్ సైన్యానికి అధిపతిగా వెళ్లిన జనరల్ ఛార్లెస్ నేపియర్‌కు వారి బాధలపై సానుభూతి ఉండేది. ఆయనే 1843లో సింధ్‌ను జయించి బ్రిటిష్ పాలనలో కలిపారు. ఇంట్లో కార్మికులకు ఓటు నిరాకరించిన పాలకవర్గమే బయట వలస రాజ్యాన్ని విస్తరించింది.

చార్టర్‌లో లేనివారు

స్త్రీలు సభలు పెట్టారు, సంతకాలు సేకరించారు, సొంత సంఘాలు నడిపారు. చార్టర్ మాత్రం వారికి ఓటు అడగలేదు. స్త్రీలను చేరిస్తే పురుషుల ఓటు కూడా ఆలస్యమవుతుందన్న లెక్క దీని వెనుక ఉంది. మరోవైపు, కరీబియన్ దీవుల నుంచి వచ్చిన మాజీ బానిస కొడుకు విలియం కఫే లండన్ చార్టిస్టుల నాయకుడిగా ఎదిగారు. వృత్తిరీత్యా దర్జీ అయిన ఆయనకు 1848లో ప్రవాస శిక్ష వేసి, తర్వాత టాస్మానియాకు పంపారు. 1870లో అక్కడి పేదల ఆశ్రమంలోనే మరణించారు.

తర్వాత

సభ్యులకు ఆస్తి అర్హత 1858లో పోయింది. 1867, 1884 చట్టాలతో చాలామంది కార్మికులకు ఓటు వచ్చింది. 1872లో రహస్య ఓటింగ్, 1885లో నియోజకవర్గాల పునర్విభజన, 1911లో సభ్యుల జీతం వచ్చాయి. 1918లో 21 ఏళ్లు నిండిన పురుషులందరికీ, 30 దాటిన స్త్రీలలో అర్హత ఉన్నవారికీ ఓటు దక్కింది. స్త్రీలకు సమాన ఓటు 1928లోనే. ఏటా ఎన్నికలన్నది మాత్రం ఎన్నడూ అమలు కాలేదు.

బ్రిటన్‌లో వందేళ్లు పట్టిన దాన్ని భారత రాజ్యాంగం 326వ అధికరణతో ఒక్కసారిగా, స్త్రీ పురుష భేదం లేకుండా ఇచ్చింది. అయినా చార్టిస్టులు అడిగిన ఒక ప్రశ్న ఇక్కడ ఇంకా తెగలేదు. రాష్ట్రాలకు లోక్‌సభ స్థానాల పంపకం 1971 జనాభా లెక్కలపైనే దశాబ్దాలుగా ఆగి ఉంది. తాజా లెక్కలతో పంచితే జనాభా పెరుగుదలను అదుపు చేసిన దక్షిణాది గొంతు తగ్గుతుందన్న ఆందోళన తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది. పంచకపోతే ఉత్తరాది ఓటరు విలువ తగ్గుతుంది. ఒక ఓటు మరో ఓటుతో సమానం కావాలన్న చార్టర్ మాట వినడానికి తేలికే. ఎవరి లెక్క ప్రకారం సమానమన్న దగ్గరే రాజకీయం మొదలవుతుంది.