మహానగరంలో మునిసిపల్ ప్రాథమిక పాఠశాల: సగటు మార్కు చెప్పేది, చెప్పనిది

ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల పనితీరు గురించి చర్చ వచ్చినప్పుడు మొదట వినిపించేది విద్యార్థుల సగటు మార్కు. ఆ బడికి ఎవరి పిల్లలు వస్తున్నారు, ఇంట్లో ఏ భాష మాట్లాడుతున్నారు, ఏడాది మధ్యలో ఎందరు చేరుతున్నారు, ఎందరు వెళ్లిపోతున్నారు అన్న వివరాలు తోడైతేనే ఆ అంకెకు అర్థం ఏర్పడుతుంది. దేశంలోని అతిపెద్ద పట్టణ విద్యా వ్యవస్థల్లో ఒకటైన ముంబయి నగరపాలక పాఠశాలలు ఇందుకు తగిన ఉదాహరణ.

ఎనిమిది భాషల బడులు

1888 నాటి ముంబయి నగరపాలక సంస్థ చట్టం ప్రాథమిక విద్యను సంస్థ తప్పనిసరి విధుల్లో ఒకటిగా పేర్కొంటుంది. మరాఠీ, హిందీ, ఉర్దూ, గుజరాతీ, తమిళం, తెలుగు, కన్నడం, ఆంగ్ల మాధ్యమాల్లో సంస్థ బడులు నడుపుతూ వచ్చింది. భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన అందించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం నిర్దేశిస్తుంది. 1956లో ఏడో సవరణ ద్వారా ఈ అధికరణం చేరింది.

తెలుగు మాధ్యమ బడుల వెనుక సుదీర్ఘమైన వలస చరిత్ర ఉంది. కామాఠీపుర అన్న పేరు తెలుగు ప్రాంతాల నుంచి వెళ్లిన కామాఠీ కూలీల వల్ల వచ్చింది. తర్వాతి కాలంలో తెలంగాణ జిల్లాల పద్మశాలీలు బట్టల మిల్లుల్లో, పాలమూరు కూలీలు భవన నిర్మాణంలో ఉపాధి పొందారు. ఈ కుటుంబాల పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, కార్యాలయాల్లో మరాఠీ ఎదురవుతాయి. పై తరగతుల్లో తెలుగు మాధ్యమానికి అవకాశాలు తక్కువ. అందువల్ల మాతృభాషలో చదువు ప్రారంభించిన పిల్లలు మధ్యలో మాధ్యమం మార్చుకోవలసి వస్తుంది.

చదివేది ఎవరు?

2011 జనాభా లెక్కల ప్రకారం బృహన్ముంబయి జనాభాలో సుమారు 42 శాతం మంది మురికివాడల్లో నివసిస్తున్నారు. నగరపాలక పాఠశాలల విద్యార్థుల్లో అధికులు ఇటువంటి బస్తీల వారే. ఆదాయం కాస్త పెరిగిన కుటుంబాలు పిల్లలను ఆంగ్ల మాధ్యమ ప్రైవేటు బడులకు మార్చడం దేశమంతటా కనిపించే ధోరణి. బలహీన వర్గాల పిల్లలకు ప్రైవేటు బడుల ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లు కేటాయించాలన్న విద్యాహక్కు చట్టం నిబంధన కూడా కొందరికి ఆ దారి చూపింది.

ఈ కదలికల ప్రభావం సగటు మార్కుపై పడుతుంది. ఉదాహరణకు, 30 మంది ఉన్న తరగతిలో సగటు 60 మార్కులు అనుకుందాం. సగటున 75 మార్కులు తెచ్చుకునే పది మంది వేరే బడికి వెళ్లిపోతే, మిగిలిన 20 మంది సగటు 52.5కు తగ్గుతుంది. ఏ ఒక్క విద్యార్థి చదువూ తగ్గలేదు, ఉపాధ్యాయుని బోధనా మారలేదు. అయినా కాగితంపై ఆ బడి వెనుకబడినట్లే కనిపిస్తుంది.

కొలతలు, వాటి పరిధి

విద్యార్థుల సంఖ్య, సామాజిక వర్గం, ఉపాధ్యాయుల వివరాలను యూడైస్ ప్లస్ ఏటా నమోదు చేస్తుంది. అభ్యసన స్థాయిని 2024 డిసెంబరు 4న జరిగిన పరఖ్ జాతీయ సర్వేక్షణ పరిశీలించింది. అందులో మూడో తరగతి విద్యార్థుల జాతీయ సగటు భాషలో 64 శాతం, గణితంలో 60 శాతం. ఆరో తరగతి గణితంలో అది 46 శాతమే. 99 వరకు ఉన్న అంకెలను వరుసక్రమంలో అమర్చగలిగిన మూడో తరగతి పిల్లలు 55 శాతం. ఇవి అన్ని యాజమాన్యాల బడులకు కలిపి వచ్చిన అంకెలు. మూడు, ఆరు తరగతుల్లో పరీక్ష రాసినవారు వేర్వేరు పిల్లలు కాబట్టి, ఈ తేడాను అదే పిల్లల పతనంగా భావించరాదు.

తరచుగా ఉదహరించే అసర్ నివేదిక ప్రధానంగా గ్రామీణ కుటుంబాల సర్వే. దాని ఫలితాలను నగర పాఠశాలలకు యథాతథంగా అన్వయించడం సరికాదు.

ముంబయి, వడోదర అనుభవం

పేదరికం నేపథ్యమైనంత మాత్రాన చదువు సాగదని కాదు. ముంబయి, వడోదర నగరపాలక పాఠశాలల్లో ప్రథమ్ సంస్థ ‘బాలసఖి’ కార్యక్రమం నిర్వహించింది. మూడు, నాలుగు తరగతుల్లో వెనుకబడిన పిల్లలను స్థానిక యువతులు రోజుకు సుమారు రెండు గంటలు విడిగా కూర్చోబెట్టి చదవడం, లెక్కలు చేయడం నేర్పారు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితర ఆర్థికవేత్తలు దీనిపై జరిపిన అధ్యయనం 2007లో ప్రచురితమైంది. అన్నిటికంటే వెనుకబడిన పిల్లలే అధికంగా మెరుగుపడినట్లు అందులో తేలింది. కార్యక్రమం ముగిసిన ఏడాది తర్వాత మాత్రం ఆ ప్రయోజనంలో కొంత భాగమే మిగిలింది. తోడ్పాటు ఫలిస్తుందని, అది నిరంతరం కొనసాగాలని ఈ అనుభవం తెలుపుతోంది.

చట్టం, బాధ్యత

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రాథమిక తరగతుల్లో 30 మంది విద్యార్థులకు ఒక ఉపాధ్యాయుడు ఉండాలంటుంది. వలస కుటుంబాల పిల్లలకు ప్రవేశం కల్పించడం స్థానిక సంస్థల బాధ్యతగా పేర్కొంటుంది. బదిలీ పత్రం ఆలస్యమైందని ప్రవేశం నిరాకరించరాదు.

సగటు మార్కు తక్కువన్న పేరు పడిన బడికి పిల్లలు తగ్గుతారు. పిల్లలు తగ్గిన బడిని మరో బడిలో విలీనం చేయాలన్న ప్రతిపాదన వస్తుంది. అప్పుడు నష్టపోయేది వేరే బడికి పంపే స్తోమత లేని కుటుంబాలే. సగటుతో పాటు, ఏడాది మొదట్లో ప్రతి విద్యార్థి ఏ స్థాయిలో ఉన్నాడు, ఏడాది చివరికి ఎంత ముందుకు వెళ్లాడు అన్నది చూసినప్పుడే బడి చేసిన పని వెల్లడవుతుంది. ఏ విద్యార్థికి ఏ సహాయం అవసరమో కూడా అప్పుడే తెలుస్తుంది.