ఫారంలో ఆ ఒక్క గడి

సర్కారు ఉద్యోగానికి ఎంపికైనవాళ్ళు నింపే అటెస్టేషన్ ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది: ఎప్పుడైనా అరెస్టయ్యారా, మీ మీద కేసు నడిచిందా? జవాబు అవును, లేదా కాదు. కోడ్ రాసి బతికే నాకు ఇలాంటి గడులు అలవాటే. కానీ మనిషి గతం అందులో ఇమడదని ఒప్పుకోవడానికి మన సుప్రీంకోర్టు చాలా ఏళ్ళు తనతో తనే వాదించుకుంది.

1983 కేసుతో మొదలుపెడదాం. మధ్యప్రదేశ్‌లో ఒక బడిపంతులు. మునిసిపల్ బడిని ప్రభుత్వం తీసుకున్నాక 1972లో ఆయన్నీ సర్వీసులోకి తీసుకున్నారు, వెరిఫికేషన్ షరతు మీద. ఆర్‌ఎస్‌ఎస్, జనసంఘ్ కార్యక్రమాల్లో తిరిగాడని పోలీసులు రాశారు. 1974లో ఉద్యోగం ఊడింది. తీర్పు రాసింది జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి, అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జడ్జి. వామపక్ష భావాలున్నవాడని పేరు. అయినా అమెరికాలో మెకార్తీ కాలపు వేటను గుర్తుచేసి, రాజకీయ నమ్మకాన్ని పోలీసు రిపోర్టుతో తూచకూడదని పంతులి పక్షానే నిలిచారు.

మరి నమ్మకం కాక నేరారోపణే ఉంటే? అక్కడ కోర్టు గట్టిగానే ఉంది. 1996లో ఢిల్లీ కానిస్టేబుల్ అభ్యర్థి మీద కేసు కొట్టేసినా, నడవడి చూసి ఉద్యోగం ఇవ్వకపోవడం సబబే అంది. 2003లో కేంద్రీయ విద్యాలయ టీచర్ విషయంలో, కేసు దాచడమే తప్పంది. ఫారం ఇంగ్లీషులో ఉంది, నాకర్థం కాలేదని ఆయన మొత్తుకున్నా వినలేదు.

2011లో గాలి మారింది. కుర్రతనపు కొట్లాట కేసు దాచిన ఒక అభ్యర్థికి ఊరటనిస్తూ జస్టిస్ మార్కండేయ కట్జూ, విక్టర్ హ్యూగో నవలలోని జాఁ వల్జాఁను తలుచుకున్నారు. రొట్టె దొంగిలించి జీవితాంతం దొంగ ముద్ర మోసినవాడు. మనవాళ్ళు 1950లో 'బీదలపాట్లు'గా చూసింది ఆ కథే.

ఈ తీర్పులన్నిటికీ పొత్తు కుదర్చడానికి 2016లో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు జడ్జీలు కూర్చున్నారు. చిన్న వయసులో నినాదాలివ్వడం లాంటి అల్ప విషయం దాచినా క్షమించవచ్చన్నారు. ఫారంలో స్పష్టంగా అడగనిది చెప్పలేదని శిక్షించకూడదన్నారు. అయితే అంతా నిజాయితీగా చెప్పినా ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు, గతాన్ని తూచే హక్కు యజమానిదే అని కూడా అన్నారు.

నాకు గుచ్చుకునేది ఈ చివరి మాటే. తెలంగాణ ఉద్యమంలో ఉస్మానియా విద్యార్థుల మీద ఎన్ని కేసులు పడ్డాయో మనకు తెలుసు. వాళ్ళలో ఒకడు ఆ గడిలో 'అవును' అని రాస్తే, అతని మిగతా కథ వినాల్సింది ఫైలు చూసే అధికారి. వినమని కోర్టు చెప్పింది. విన్నాడో లేదో తెలుసుకోవాలంటే మాత్రం ఆ కుర్రాడు మళ్ళీ కోర్టుకే వెళ్ళాలి. అన్నేళ్ళు, అంత ఖర్చు భరించగలవాడికే ఈ తీర్పు అక్కరకొస్తుంది.